నైరుతి మూల తూము

నేను ఒక తూమునని చెప్పుకోవాలంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. నీళ్లు పోవాల్సిన నా గొంతులో సిమెంటు గట్టిపడి చాలాకాలమైంది. ఈ పాత ఇనుప సామాన్ల కొట్లో నన్ను చూసినవాళ్లు ఏదో విరిగిన స్తంభం ముక్క అనుకుంటున్నారు. పుట్టింది మాత్రం తూముగానే. గుంటూరులో ఇనుము పోతపోసే కార్ఖానాలో నన్ను పోశారు. చిలకలూరిపేటలో సుబ్బరామయ్య శెట్టిగారు రెండంతస్తుల్లో వరసగా దుకాణాలు కట్టిస్తూ, పై డాబాకు నైరుతి మూల నన్ను బిగించారు. డాబా మొత్తం నా వైపుకే వాలు. ఎక్కడ చినుకు పడినా చివరికి నా దగ్గరికి రావాల్సిందే. ఆ పెత్తనం నాకు గర్వంగానే ఉండేది.

శెట్టిగారు పరమ పిసినారి. కానీ రోహిణి కార్తె ఎండల్లో తలకు తువ్వాలు చుట్టుకుని స్వయంగా డాబా ఎక్కి, నాలో ఇరుక్కున్న ఎండుటాకులూ, పావురాల ఈకలూ, తెగిన గాలిపటాల తోకలూ చేత్తో లాగి పారేసేవారు. ఆ పని చేస్తున్నంతసేపూ నన్నూ, పావురాలనూ, అద్దెకున్నవాళ్లనూ కలిపి తిట్టేవారు. ఆ తిట్లు తింటూ నేను హాయిగా బతికాను.

ఆయన పోయాక భవనం శేషుబాబు కొన్నాడు. ఈయన డాబా ఎక్కడమే అరుదు. మొదటిసారి ఎక్కింది వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని. కింద దుకాణాలు ఖాళీగా ఉన్నాయని ఆయన బెంగ. సిద్ధాంతి నన్ను వేలితో చూపించి, "నైరుతిలో నీళ్లు బయటికి పోతుంటే లక్ష్మి నిలవదండీ. ఈ మూల ఎత్తు లేపి, వాలు ఈశాన్యానికి తిప్పించండి" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు పెద్ద బాధ కలిగించలేదు. వాలు తిప్పితే నా ఉద్యోగం పోతుంది, అంతే. కానీ డాబా అంతా తవ్వి వాలు మార్చడం ఖర్చుతో కూడిన పని. శేషుబాబు చవగ్గా తేలే సగం మాత్రం పుచ్చుకున్నాడు. ఈశాన్యంలో ఒక ప్లాస్టిక్ గొట్టం పెట్టించి, నా నోట్లో సిమెంటు కూరించాడు. వాలు నా వైపే ఉండిపోయింది. నీళ్లకు వాస్తు తెలియదు కదా, ఎప్పటిలాగే వచ్చి నా చుట్టూ నిలబడ్డాయి.

ఆ నెలలోనే ఖాళీ దుకాణాలు అద్దెకు పోయాయి. ఇక చెప్పేదేముంది! శేషుబాబు దృష్టిలో నేను విరగడైన దరిద్రాన్ని.

సరిగ్గా నా కింది గదిలో కాశింబీ పరుపుల దుకాణం నడిపేది. భర్త పోయాక దూది ఏకుతూ, పరుపులు కుడుతూ ఆ గదినే నమ్ముకుని బతుకుతున్న మనిషి. నా చుట్టూ నిలిచిన నీళ్లు స్లాబులోకి ఇంకి, ఆమె దూది మీద చుక్కలుగా రాలసాగాయి. వాన వెలిసి నీళ్లింకాక, తడిసినదాన్ని తెచ్చి నా పక్కనే ఎండబోసేది. మరకలు పడ్డ పరుపు ఎవరు కొంటారు? వచ్చిన బేరాలు మెట్ల దగ్గరినుంచే వెనక్కి పోయాయి.

"ఆ తూము తీయించు బాబూ, నీ కాళ్లు పట్టుకుంటా. పైన చెరువులాగా నిలబడతన్నయ్యి నీళ్లు. నా దూదంతా నాశనమైపోతంది" అని బతిమాలింది.

"నీ తడి దూది మూలానే నా స్లాబు చెమ్మెక్కుతందమ్మా. ముందు దాని సంగతి చూసుకో" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. అరుద్దామంటే ఉన్న ఒక్క గొంతూ ఆయనే పూడ్చాడు.

మరుసటి వానాకాలం, ముసురు పట్టిన ఒక ఉదయం కాశింబీ గునపం పట్టుకుని పైకొచ్చింది. చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగి, నా నోటి మీద పొడిచింది. సిమెంటు పెచ్చు లేచింది. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త, అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను. ఈలోగా వాచ్‌మన్ వచ్చి గునపం లాక్కున్నాడు. వెనకే శేషుబాబు ఆయాసపడుతూ ఎక్కొచ్చాడు.

"నాకు అరిష్టం తెచ్చిపెడతావా? నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యి!"

"యాడికి పోవాలయ్యా?" అంది కాశింబీ. నెలాఖరుకు దూది బస్తాలు రిక్షాలో వేసుకుని వెళ్లిపోయింది. బస్టాండు వెనక పట్టా కింద కూర్చుని పాత పరుపులు విప్పి కుడుతోందని వాచ్‌మన్ ఎవరికో చెబుతుంటే విన్నాను.

ఆ తర్వాతి వానకు స్లాబు మూల నాతో సహా ఊడి పడింది. కాశింబీ కూర్చుని కుట్టుకునే చోటే పడ్డాను. గదిలో ఎవరూ లేరు. జనం పోగయ్యారు. శేషుబాబు ఇప్పుడైనా తల దించుకుంటాడని ఆశపడ్డాను. చూడండి నా అమాయకత్వం! ఆయన నలుగురి మధ్యా నిలబడి, "ఆమెను ఖాళీ చేయించమని నాకు లోపల్నించి ఎవరో చెప్పినట్టైందండీ. లేకపోతే ఇయ్యాళ ఏమైపోయేది!" అన్నాడు. అందరూ తలలూపారు. వాస్తు పాటించే ఇంట్లో ప్రాణనష్టం ఉండదని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

కబురు విని కాశింబీ వచ్చింది. తను కూర్చునే చోట పడి ఉన్న స్లాబు ముక్కల్ని వంగి చేత్తో తడిమి చూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గునపంతో నన్ను తెరవబోయిన మనిషి కదా, ఇప్పుడు నన్ను ఎత్తి నా గొంతులోని సిమెంటు అందరికీ చూపిస్తుందనుకున్నాను.

ఆమె శేషుబాబు ముందుకెళ్లి రెండు చేతులూ జోడించింది.

"నీ చలవ బాబూ. నువ్వు ఎళ్లగొట్టబట్టి బతికిపోయా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

తిరిగి వెళ్తూ, దారికి అడ్డంగా పడి ఉన్న నన్ను కాలితో పక్కకు తోసింది.