దిష్టి తగిలే బండి

నలభై దాటాక కొందరికి మోకాళ్ల నొప్పులు వస్తాయి, కొందరికి భక్తి వస్తుంది. మహిధర్‌కు కారు వచ్చింది. వచ్చిందంటే, షోరూంలో తాళాలు అందుకుని స్వీట్ బాక్సుతో ఫోటో దిగే రకం కారు కాదు. ముక్కలుగా వచ్చింది. ట్రక్కు డ్రైవరొకడు ఆక్లాండ్ శివారు టకానినిలోని వాళ్లింటి ముందు ఒక ఇనప చట్రాన్నీ, కొన్ని అట్టపెట్టెలనూ దింపి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఇంజను ఏదని భార్య నవీన అడిగింది. అది వేరే కొనుక్కోవాలన్నాడు మహిధర్. చక్రాలు? అవీ వేరే.

"మరి వీళ్లేం ఇచ్చిన్రు?" అంది నవీన.

"మిగతాదంతా" అన్నాడు. చట్రం వంక చూస్తే ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

మహిధర్ సిటీ సెంటర్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తాడు. ఇంకొకరు చేసిన పనిలో తప్పులు పట్టడానికే అతనికి జీతం. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ సొంతచేత్తో గోడకు మేకు కొట్టిన పాపాన పోలేదు. బల్బు మార్చాలన్నా తల్లి తారాబాయే స్టూలెక్కేది. అలాంటివాడు నాలుగేళ్లపాటు గ్యారేజీలో పడి, ఒక పాత మాజ్డా ఇంజను తెచ్చి బిగించి, వైర్లు లాగి, రేకులు తొడిగి, తలుపుల్లేని, పైకప్పు లేని, నేలను రాసుకుపోయే రెండు సీట్ల ఎర్ర బండిని నిలబెట్టాడంటే, అందులో అతని పిచ్చితో పాటు క్లబ్బువాళ్ల పిచ్చి కూడా కొంత కలిసింది. ఆక్లాండ్ చుట్టుపక్కల ఇలా సొంతంగా బండ్లు కట్టుకునేవాళ్లకొక క్లబ్బు ఉంది. ఎవరి బండి ఎక్కడ ఆగిపోయినా శనివారం మిగతావాళ్లంతా స్పానర్లు పట్టుకుని వాళ్లింట్లో దిగుతారు. ఇంటివాళ్లు చేయాల్సిందల్లా టీ ఇవ్వడం. తారాబాయి టీతో ఆగే మనిషి కాదు గనక, మహిధర్ ఇంటికి వచ్చేవాళ్లు పని లేకపోయినా వచ్చేవాళ్లు.

వాళ్లలో సుశీల్ మరీ దగ్గరివాడు. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన లెక్కల మాస్టారు. అతని పూర్వీకులది తెలుగే గానీ, అతనికి మిగిలింది అవ్వ వంటింట్లో విన్న తెలుగు ఒక్కటే. తిండి పేర్లన్నీ తెలుగులో చెబుతాడు, మిగతాదంతా హిందీ, ఇంగ్లిషు. మహిధర్‌ది హైదరాబాదు కావడంతో ఇద్దరికీ ఎక్కడా మాటకు తడుముకోవలసిన పని పడలేదు.

ఇంట్లో కట్టిన బండి ఇక్కడ రోడ్డెక్కాలంటే ముందు ఇంజనీరొచ్చి చూసి సరేననాలి. మొదటిసారి చూసినాయన బ్రేకు పైపు దగ్గర ఆగాడు. "ఇది చట్రానికి రాసుకుంటోంది, కొన్నాళ్లకు అరిగిపోతుంది" అని మర్యాదగా చెప్పి, పాస్ చేయకుండా వెళ్లిపోయాడు. మహిధర్ ఆ పైపు తీసేసి కొత్తది వేశాడు, మళ్లీ పిలిచాడు, ఈసారి పాసయింది. పాసయింది బండి మాత్రమే. మహిధర్ మనసులో ఆ పైపు ఇంకా రాసుకుంటూనే ఉంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ, చేతకానివాడి చేత్తో చేసిన బ్రేకిది అని లోపల ఎవరో అంటున్నట్టుండేది.

నవీనకు ఈ సంగతి తెలుసు. ఆమె ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సు. రోడ్డు మీద ఏమేం జరుగుతాయో ఆమెకు వేరేగా చెప్పక్కర్లేదు. క్లబ్బుతో కలిసి కొండ అవతలి ఊరు టౌరంగా దాకా వెళ్లొస్తానని మహిధర్, డాడీతోనే ఆ బండిలోనే వస్తానని పన్నెండేళ్ల వర్షిణి పట్టుబట్టినప్పుడు, ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఈ బండి నా పిల్లను భయపెట్టిందంటే, దీన్ని అమ్మేస్తవ్. మళ్లా మాట్లాడేది లేదు."

"సరే" అన్నాడు మహిధర్.

శనివారం పొద్దున వాకిట్లో తారాబాయి పూజ పెట్టింది. బానెట్ మీద పసుపు, కుంకుమ, చామంతులు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, కర్పూరం తిప్పి, "ఇగ పోనియ్యి బిడ్డా" అంది. బండి కదిలింది. మూడు కాయలు చప్పుడు చేస్తూ చితికాయి. నాలుగోది మాత్రం, గట్టి కాయేమో, టైరు కింద నుంచి పక్కకు ఎగిరి గడ్డిలో పడింది.

తారాబాయి ముఖం చిన్నబోయింది. "ఆగురా, వెనక్కి తీయి. ఆ చక్రం కింద మళ్లా పెడ్త."

"అమ్మా, అందరూ మోటార్‌వే ఎక్కే కాడ నిలబడ్డరు. లేటైతది" అని మహిధర్ బండి దిగి, జాకెట్ల కోసం లోపలికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఏమీ ఎరగనట్టు బానెట్ మీది పూలు సర్దుతోంది.

ముందు మహిధర్, వర్షిణి. వెనక సుశీల్, క్లబ్బు పెద్దాయన గ్రాంట్, ఇంకొందరు. అందరికంటే వెనక తమ మామూలు కారులో నవీన, తారాబాయి, అందరికీ సరిపడా పులిహోర. మోటార్‌వే మీద పిల్లలు కారు కిటికీల్లోంచి చేతులూపారు. గాలికి వర్షిణి జుట్టు మొహమంతా కప్పేస్తోంది. అరిచి అరిచి మాట్లాడుతోంది, సగం వినపడదు, అయినా ఆపదు. ఆఫీసులో ఎన్నడూ నవ్వని మహిధర్ ఊరికే నవ్వుకుంటూ నడిపాడు. పొలాలు దాటారు, ఆవుల మందలు దాటారు, కైమై కొండ ఎక్కారు. ఎక్కినంతసేపూ ఇంజను పాడుతూనే ఉంది.

కొండ దిగడం మొదలయింది. రెండు మలుపులు బాగానే తిరిగాడు. మూడో మలుపుకు ముందు బ్రేకు మీద కాలు వేశాడు. పెడల్ వేలెడంత దిగి ఆగిపోయింది.

ఇంకా గట్టిగా తొక్కాడు. రాయి మీద కాలు పెట్టినట్టుంది. మలుపు దగ్గరికొస్తోంది, అవతల లోయ. గేరు తగ్గించాడు, ఇంజను గింజుకుంటూ అరిచింది. హ్యాండ్‌బ్రేకు లాగాడు. "డాడీ!" అని వర్షిణి ఒకే ఒక్క కేక పెట్టి అతని మోచెయ్యి పట్టుకుంది. ఉన్న బలమంతా కాలిలోకి తెచ్చి తొక్కాడు. అడుగున ఏదో మెత్తగా లొంగినట్టయింది. పెడల్ దిగింది. బండి పక్కకు ఈడ్చుకుపోయి, కంకర చిమ్ముతూ రోడ్డు పక్క ఖాళీ జాగాలో ఆగింది.

వెనక బండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. నవీన పరుగెత్తుకొచ్చి వర్షిణి బెల్టు విప్పి, పిల్లను బయటికి లాగి గుండెకు హత్తుకుంది. పిల్ల చేతులూ కాళ్లూ తడిమి చూసింది. అతను బండి దిగి కంకర మీదే చతికిలబడ్డాడు. బండి పోతే పోనీ, అదొక లెక్క కాదు. నాలుగేళ్లు ముచ్చటగా చేసుకున్నది తన పిల్లను లోయలో పడేయబోయింది. చేసింది ఎవరో కాదు, తనే. ఏ నట్టు సరిగ్గా బిగించలేదు? ఆ పైపే అయ్యుంటుంది. ఇంకేముంటుంది!

సుశీల్ వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి హిందీలో గొంతు వినిపించింది. "భయ్యా, ఇక్కడ తడి ఉంది. పెడల్ కింద నుంచి కారుతోంది."

అదే, బ్రేకు నూనె. మహిధర్ కళ్లు మూసుకున్నాడు. అనుకున్నంతా అయింది. "నవీనా, మాట మాటే. రేపే అమ్మకానికి పెడ్త" అన్నాడు.

గ్రాంట్ బానెట్ ఎత్తి, బ్రేకు నూనె డబ్బా చూసి, గడ్డం గోక్కున్నాడు. డబ్బా నిండా ఉందట. కారేది నూనే అయితే ఇది నిండుగా ఎలా ఉంటుంది? కింద సుశీల్ వేళ్లతో ఆ తడిని రుద్దుతున్నాడు, వాసన చూస్తున్నాడు. నాలుకకు అంటించుకోబోతుంటే వద్దు వద్దని గ్రాంట్ అరిచాడు. అప్పటికే అంటించుకున్నాడు.

బండి కింద నుంచి, ఫిజీ చెరుకు తోటల్లో తరాలు గడిపి వచ్చిన ఆ మనిషి నోటి నుంచి, అచ్చమైన తెలుగు మాట ఒకటి బయటికొచ్చింది.

"నిమ్మకాయ!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సుశీల్ బయటికి పాక్కుంటూ వచ్చి, డ్రైవర్ సీటు మీదుగా వంగి, పెడళ్ల అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. చితికిపోయి, గింజలు బయటపడ్డ పసుపుపచ్చ ముద్దనొకదాన్ని అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. దానికి ఓ పక్క ఇంకా కుంకుమ బొట్టుంది.

అందరి తలలూ ఒక్కసారిగా తారాబాయి వైపు తిరిగాయి. ఆమె పులిహోర సంచి రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే పెట్టిన బిడ్డా" అంది. "నాలుగో కాయ చితకలేదు. చితకని కాయ పారేస్తే మంచిది కాదంటరు. మరి చక్రం కింద పెట్టనియ్యకపోతివి. సీటు కింద సందుల ఇరికిచ్చిన. గది ముంగటికి దొర్లుతదని నాకేం ఎరుక?"

మహిధర్ లేచాడు. ఏడవాలో నవ్వాలో తెలియని చోట మనిషికి ముందు వచ్చేది కోపమే. "అమ్మా! ఇంజనీరు చూసిండు, క్లబ్బు మొత్తం చూసిన్రు, పాసయింది. అయినా నిమ్మకాయ పెట్టినవా? నా పని మీద నీకు గింత గూడ నమ్మకం లేదా?"

తారాబాయి అతని వంక విచిత్రంగా చూసింది, ఇంత చదివినవాడికి ఇంత చిన్న సంగతి తెలియలేదా అన్నట్టు.

"నమ్మకం లేకనా? నమ్మకం లేకపోతే నా మనవరాలిని ఎక్కనిస్తనారా? బాగలేనిదానికి దిష్టి ఎవడన్న తీస్తడా? గంత మంచిగ చేసినవ్ గదా, చూసినోళ్ల కండ్లన్నీ దాని మీదనే పడ్తయని పెట్టిన."

ఇన్నాళ్లుగా మహిధర్ లోపల నసుగుతున్న ఆ గొంతు అప్పుడు ఆగిపోయింది. పైపు బాగానే ఉంది. నట్లన్నీ బాగానే ఉన్నాయి. చేతులు బాగానే ఉన్నాయి. అతను మళ్లీ కంకర మీదే కూలబడి, కళ్లజోడు తీసి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. అంతలోనే నవ్వొచ్చింది. అతణ్ని చూసి సుశీల్ నవ్వాడు. ఎందుకో తెలియకుండానే గ్రాంట్ కూడా నవ్వాడు. తర్వాత సుశీల్ ఇంగ్లిషులో విడమరచి చెప్పాక మళ్లీ మొదటినుంచి నవ్వాడు.

అయినా నవ్వి వదిలేసేవాళ్లు కారు ఈ క్లబ్బువాళ్లు. గ్రాంట్ బండినంతా పట్టి పట్టి చూశాడు. మహిధర్ పెడల్ తొక్కుతుంటే, మిగతావాళ్లు తోస్తూ ఆ ఖాళీ జాగాలో ముందుకూ వెనక్కూ నడిపించారు. తొక్కిన ప్రతిసారీ బండి ఉన్నచోటే నిలిచింది. సీట్ల కిందంతా దులిపారు. ఒక చామంతి, వర్షిణి హెయిర్ క్లిప్పు దొరికాయి. కాయలేవీ లేవు.

మహిధర్ భార్య దగ్గరికి వెళ్లాడు. వర్షిణి తల్లి చెయ్యి వదలకుండా నిలబడి ఉంది.

"మాటిచ్చిన" అన్నాడు. "నువ్వు అమ్మంటే అమ్ముత."

నవీన ఎర్ర బండి వంక, తర్వాత అత్తగారి వంక చూసింది.

"బండి ఏం చేసింది పాపం? పిల్లను భయపెట్టింది అత్తమ్మ. ఆమెను ఏ వెబ్‌సైట్ల పెడ్తవో పెట్టు."

"కోడలా, నన్నెవడు కొంటడే!" అంది తారాబాయి కళ్లు తుడుచుకుంటూ.

వర్షిణికి ఇదంతా అర్థమైంది. తెలుగు మాట్లాడేది మాత్రం తక్కువ. "కారు తప్పు కాదు కదా డాడీ?" అని అడిగింది. కాదన్నాడు. "సో, ఐ కెన్ గో బ్యాక్ ఇన్?"

"టౌరంగా దాకా నా కార్ల రా. తిరిగొచ్చేటప్పుడు చూద్దాం" అంది నవీన. అలా పక్క సీటు ఖాళీ అయింది.

తారాబాయి పులిహోర సంచి కోడలికి అందించింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుంది. "గట్లయితే నేను కూసుంట" అంది.

ఎవరు వద్దన్నా వినలేదు. తలుపుల్లేని బండిలోకి డెబ్బై దాటిన మనిషిని ఎక్కించడం మాటలు కాదు. సుశీల్ ఓ చెయ్యి, గ్రాంట్ ఓ చెయ్యి పట్టుకున్నారు. వర్షిణి ఫోన్ పట్టుకుని వీడియో తీసింది. తారాబాయి సీటులోకి దిగాక నేలకు ఇంత దగ్గరగా ఉన్నందుకు ఒకసారి ఉలిక్కిపడి, కొంగు నడుం చుట్టూ బిగించి, ఒళ్లో చేతులు పెట్టుకుంది. బెల్టు మహిధర్ పెట్టాడు.

ఈసారి మెల్లగా దిగారు. తారాబాయి కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఏం చదువుతోందో గాలికి వినపడలేదు. ప్రతి మలుపుకూ ముందు మహిధర్ అవసరం లేకపోయినా బ్రేకు తాకి చూసుకున్నాడు. ప్రతిసారీ అది తాకినంతే పలికింది. కొండ కింద, ఊరి మొదట్లో సిగ్నల్ ఎర్రగా పడింది. పెడల్ తొక్కాడు. బండి గీత దగ్గరికి వచ్చి, గీత దాటకుండా, కుదుపు లేకుండా ఆగింది.

తారాబాయి కళ్లు తెరిచింది. ముందున్న గీతను చూసింది, కొడుకు కాలి వంక చూసింది.

"మంచిగ ఆగింది బిడ్డా" అంది.

మహిధర్ కళ్లజోడు మసకబారింది. సిగ్నల్ ఆకుపచ్చగా మారిందని వెనక నుంచి సుశీల్ హారన్ కొట్టేదాకా అతనికి తెలియలేదు.