రాగిరేకు మీద దయ్యం

నా పని కింద భీమశంకర్ గుర్తును ఏళ్ల తరబడి భరించాను.

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఆయన ఎన్‌గ్రేవింగ్ స్టూడియోలో నా ఉద్యోగం. ఐదారు వందల ఏళ్ల కిందటి జర్మన్ పద్ధతిలో రాగిరేకు మీద సన్నటి ఉలితో మునులను, దేవదూతలను చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీస్తాం. తీస్తాం అన్నానా? చెక్కేది నేను. కింద బి.ఎస్. అని తన గుర్తు చెక్కుకునేది ఆయన.

"ఆ కాలంలో వర్క్‌షాప్ అంటే అంతే మైత్రీ. ఎవరు చెక్కినా గుర్తు మాస్టర్‌దే," అనేవాడు. గొప్ప మాస్టరే! రేకు మీద చెక్కినదానికి అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయని మరిచి, ఒకసారి ఏసుప్రభువు చేత ఎడమచేత్తో ఆశీర్వాదం ఇప్పించాడు. నేను చెక్కిన మేరీమాతకు బహుమతి వస్తే వేదికెక్కి నా పేరైనా ఎత్తలేదు. కడుపు మండిపోయింది. వీసా ఆయన చేతిలో ఉంది కాబట్టి గ్రీన్ కార్డ్ వచ్చేదాకా నోరు మూసుకున్నాను.

వచ్చింది. అప్పుడే చర్చి హాల్లో ఎగ్జిబిషన్‌కి, ఆంథోనీ మునిని దయ్యాలు గాల్లోకి ఎత్తి పీక్కుతినే దృశ్యం చెక్కమన్నాడు. ముని గడ్డం పట్టి లాగే దయ్యానికి ఆయన ముఖమే పెట్టాను. వాలిపోయిన ఎడమ కనురెప్ప, వంకర ముక్కు, బట్టతల మీదికి లాగి దువ్విన జుట్టు, ఏదీ వదల్లేదు. మనిషికి తెలిసిన తన ముఖం అద్దంలో తిరగబడ్డదే. పైగా ఈయన ఫోటోలు చూసుకోడు, "ఫోటోల్లో నేను నాలా ఉండను" అంటాడు. అందుకే ఆయన తనను పోల్చుకోలేకుండా, అచ్చులో లోకం చూసే ముఖం పడేలా రేకు మీద తిప్పి చెక్కాను.

మొదటి అచ్చు చూసి మురిసిపోయాడు. "ఈ దయ్యం ఎక్స్‌ప్రెషన్ సూపర్!" అంటూ ఇంకా సిరా మరకలు వదలని రేకు మీద సరిగ్గా దాని కిందే తన గుర్తు చెక్కుకున్నాడు.

ఎగ్జిబిషన్ రోజు ఆయన భార్య విజయశ్రీ గారు చిత్రం ముందు వంగి చూసి పకపకా నవ్వారు.

"ఏమండీ, ఈ దయ్యం మీరే! కింద పేరు కూడా వేసుకున్నారే!"

జనం మూగారు. ఎవరో ఫోన్‌లో ఆయన ఫోటో తీసి చిత్రం పక్కన పెట్టారు. నవ్వులు హాలంతా పాకాయి. అప్పటికి గానీ ఆయనకు తెలియలేదు. ముఖం మాడిపోయింది.

"ఇది నేను చెక్కలేదు!" అని అరిచాడు.

ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నాను. హాయిగా ముందుకు వచ్చాను.

"మరి ఎవరు చెక్కారు సర్? ఇదీ, మేరీమాతా?"

అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"మైత్రి," అని గొణిగాడు.

"వెనక వాళ్లకి వినపడలేదు సర్. మైక్‌లో చెప్పండి."