ముప్పై ఏడో గూటం

చెప్పులు గుమ్మం బయట విడిచి, పాదాలు గోనెపట్టా మీద రెండుసార్లు తుడుచుకుని, రామచంద్రం కంప్యూటరు గదిలోకి వచ్చాడు. ప్రింటరు అప్పటికే కుట్టుమిషనులా టకటకలాడుతోంది. నేలకు దిగుతున్న కాగితం కొసను ఎడమచేత్తో అందుకుని, కుడిచేతిలోని పెన్సిలును పైనుంచి కిందికి జార్చుకుంటూ పోయాడు. అంకెల్ని ఆయన చదవడు. ఒక అంకెకూ దాని కింది అంకెకూ ఉన్న తేడాను చదువుతాడు. తేడా పద్ధతిగా పెరుగుతూ పోతే జాబితా ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎక్కడైనా గతుకు తగిలితే పెన్సిలు దానంతట అదే ఆగుతుంది. ఈసారి ఆగలేదు. అడుగున 'రా.చం.' అని రెండక్షరాలు వేశాడు.

ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని ఇదే. కరీంనగర్‌లోని ఆ కాలువల ఆఫీసులో, కాలువ ఎక్కడ వంపు తిరగాలో నేల మీద చూపించే కర్ర గూటాలకు లెక్క కట్టడం. ఒక్కో గూటానికి రెండంకెలు: హద్దురాయి నుంచి ఎంత ముందుకు నడవాలి, అక్కణ్నుంచి ఎంత పక్కకు జరగాలి. అరవై గూటాలుంటే అరవై జతలు. గూటాల మీద తారుతో వరుస సంఖ్యలు కూడా ఆయనే రాస్తాడు, ఆ కుంచె ఇంకొకరి చేతికి ఇవ్వడు. సన్నటి మనిషి. బల్ల మీద వంగీ వంగీ కుడిభుజం ఎడమదాని కన్నా రెండంగుళాలు కిందికి దిగింది. నడివేలి పక్కన పెన్సిలు తెచ్చిన కాయ ఒకటి ఉంది. ఆయనకు పైన పదకొండు మంది ఇంజనీర్లు వచ్చారు, పోయారు. ఆయనకు ప్రమోషనూ రాలేదు, ఆయన అక్షరాలున్న జాబితా ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు. మొదటిదాన్ని ఎప్పుడో మరచిపోయాడు గానీ రెండోదాన్ని మాత్రం మెళ్లో పతకంలా మోసుకు తిరిగేవాడు.

ఆ జాబితా మీద సంతకం పెట్టిన మర్నాడే నెలాఖరు, ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. నాలుగింటికి దండ, శాలువా, మిర్చి బజ్జీలు.

పన్నెండో ఇంజనీరు దయాకర్‌రావుకు ఇరవై ఆరేళ్లు. వరంగల్లులో చదివి వచ్చేటప్పుడు ఒక ఫ్లాపీలో లెక్కల కోసమే పుట్టిన ఒక కంప్యూటరు భాషను వెంట తెచ్చుకున్నాడు. అందులో ఆ రెండంకెల జతను వెక్టర్ అంటారు. మొదట్లో అతను అరవై గూటాలకు అరవై వరుసలు టైపు చేసేవాడు. వారం రోజులు వెనకాల నిలబడి చూసిన రామచంద్రం ఇక ఉండబట్టలేకపోయాడు.

"గిన్ని మాటలెందుకు సార్? మొదలేదో చెప్పున్రి, అడుగెంతో చెప్పున్రి, ఎన్నో గూటం దాకనో చెప్పున్రి. కడమది అదే నడుస్తది."

దయాకర్‌రావు ఆయన మొహం చూసి, పుస్తకం తిరగేసి, రెండు రోజుల్లో ఆ అరవై వరుసలనూ ఒక్క వరుసకు దించాడు. ఒకటి నుంచి అరవై దాకా ఒక్కో సంఖ్యా తీసుకో, ఈ సూత్రంలో పెట్టు, వచ్చిన జతలన్నీ వరుసగా ఇవ్వు. అంతే. మీట నొక్కితే, రామచంద్రానికి నాలుగు రోజులు పట్టే జాబితా కళ్లు మూసి తెరిచేలోగా తెర మీద ఉంది. ఇంకొకరైతే ఏడ్చేవారేమో గానీ ఆయన పొంగిపోయాడు. ముప్పై నాలుగేళ్లుగా తన తలలో ఉన్నది ఇదేనని ఆయనకు తెలుసు. ఆ వరుసను చీటీ మీద రాసుకుని ఇంటికి తీసుకెళ్లి భార్య నర్మదకు చూపించాడు.

"గింతేనా?" అంది ఆమె.

"గింతే," అన్నాడు, తన కొడుకు ఫస్టు క్లాసులో పాసైనంత గర్వంగా.

ఆఖరి రోజు పొద్దున పదకొండింటికి, నేల మీద గొలుసు పట్టి గూటాలు పాతే చైన్‌మన్ కొమురెల్లి వచ్చాడు. చేతిలో తారుతో 38 అని రాసిన గూటం ఉంది. వెనకాలే డెబ్బై ఏళ్ల ముసలామె. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడింది.

"సారూ, మల్లన్నపల్లె కాడ నిన్నటి లిస్టు ప్రకారం ముప్పై ఏడు పాతిన," అన్నాడు కొమురెల్లి. "గిదేమో నీళ్లల్ల పడ్తున్నది. ఎట్ల పాతాలె?"

"ఏ నీళ్లల్ల?" అన్నాడు రామచంద్రం.

"నా బాయిల," అంది ముసలామె. "నన్ను శంకరవ్వ అంటరు బిడ్డా. ముప్పై ఏడోది బాయి ఒడ్డు మీదనే పాతిండు. తవ్వే మిషన్ రేపు పొద్దుగాల్నే వస్తదట. గా బాయి పోతే నా రెండెకరాలు ఎండుడే. నీళ్లిస్తమని కాలువ తవ్వుకుంట ఉన్న నీళ్లు గుంజుకుంటరా?"

"కంప్యూటరు తప్పు చెయ్యదవ్వా," అన్నాడు దయాకర్‌రావు మర్యాదగానే. "కాలువ నీ బావికి ఇరవై అడుగుల అవతల్నుంచి పోవాలె. నక్షా చూసే పెట్టినం. రామచంద్రం సాబ్ కూడా చూసిండు."

ఆ చివరి మాటకు రామచంద్రం లేచాడు. నిన్నటి జాబితా తీశాడు. అడుగున తన అక్షరాలున్నాయి. పెన్సిలు పైనుంచి కిందికి నున్నగా జారిపోయింది. తేడాలన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి, ఆయనను భయపెట్టిందే అది. చేత్తో కట్టిన జాబితాలో తప్పు పడితే ఒక్క గూటం దారి తప్పుతుంది, పక్క గూటాలు దాన్ని పట్టిస్తాయి. అంతా ఒక్క వరుసలో చెప్పినప్పుడు మొదలు తప్పితే, అరవై గూటాలూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని తప్పుదారినే బుద్ధిగా నడుస్తాయి.

జాబితా పక్కన పెట్టి, తెర మీది ఆ ఒక్క వరుసలో మొదటి అంకె చూశాడు.

"గీ అయిదు పాయింటు ఒకటి రెండు యాడికెల్లి వచ్చింది సార్?"

"పాత నక్షాలో అట్లనే ఉన్నది."

"జర నక్షా తెప్పియ్యున్రి."

గుడ్డకు అతికించిన నిజాం కాలపు సర్వే పటం వచ్చింది. హద్దురాయి నుంచి కాలువ వంపు పక్కకు జరగాల్సిన దూరం దాని మీద గొలుసుల్లో రాసి ఉంది: 5-12. మధ్యలో ఉన్నది చుక్క కాదు, చిన్న గీత. రామచంద్రం పెన్సిలు అక్కడ ఆగింది.

ఆయన తండ్రి నిజాం సర్వేలో గొలుసు మోసినవాడు. ముప్పై మూడు అడుగుల గొలుసు, దానికి పదహారు భాగాలు, ఒక్కో భాగానికి అణా అని పేరు. అన్నం ముందు కూర్చోబెట్టి బాపు అడిగేవాడు: పన్నెండణాలంటే ఎంత? ముప్పాతిక అని చెబితేనే ముద్ద. అయిదు గొలుసుల పన్నెండణాలంటే అయిదుం ముప్పాతిక. యంత్రానికి చెప్పింది అయిదు మీద ఎనిమిదో వంతు కూడా లేదు. తేడా దాదాపు ఇరవై ఒక్క అడుగులు. కాలువ మొత్తం తిన్నగా బావిలోకి జరిగింది. ఆదిలోనే హంసపాదు అంటే ఇదే.

పైసల కాలంలో పుట్టిన దయాకర్‌రావుకు అణాల సంగతి చెప్పేసరికి అతని మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు: "మీరు ఊకోండి సాబ్. ఇయ్యాల మీ ఆఖరి రోజు. గా జాబితా చింపేసి కొత్తది నా పేరు మీద తీస్త. ఎవరికీ తెల్వది."

రామచంద్రానికి సిగ్గేసింది, చెంపలు వేడెక్కేంతగా. తను ఎందుకు చూడలేదో ఆయనకు బాగా తెలుసు. ఆ ఒక్క వరుస మీది మోజులో, ముద్దుబిడ్డ జేబులు ఏ తండ్రీ వెతకనట్టు, దాని మొదలు వెతకలేదు.

"తెల్వక చేసిన తప్పు మీది సార్," అన్నాడు. "తెల్సి చూడని తప్పు నాది."

నిన్నటి జాబితా అడుగున ఎర్రసిరాతో 'మొదలు తప్పు. చూడవలసినవాణ్ని నేను' అని రాసి, మళ్లీ రా.చం. వేసి, ఫైల్లో పెట్టాడు. తర్వాత తెర మీద ఒక్క అంకె మార్పించాడు. అరవై జతలూ ఒక్కసారిగా ఇరవై ఒక్క అడుగులు జరిగి, బావికి అవతల నిలబడ్డాయి. ఈసారి మొదలు చూశాడు, ఆ తర్వాతే తేడాలు చూశాడు, అప్పుడు సంతకం పెట్టాడు. సిగ్గు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"జీపు తియ్యమనున్రి."

"నాలుగింటికి దండ ఉంది కదా సాబ్."

"దండ ఆగుతది. తవ్వే మిషన్ ఆగది."

మల్లన్నపల్లె మక్కజొన్న చేల గట్ల మీద, లుంగీలా పైకి చుట్టిన ప్యాంటుతో, ఆయన గొలుసు కొస తనే పట్టుకున్నాడు. దయాకర్‌రావు జాబితా చదివాడు, కొమురెల్లి పాత గూటాలు పీకి కొత్త చోట దిగ్గొట్టాడు. ముప్పై ఎనిమిదోది బావికి అవతల పొడినేలలో దిగింది. ముప్పై ఏడో దాని దగ్గరికి వచ్చేసరికి శంకరవ్వ దాన్ని పట్టుకుని కూర్చుంది.

"గిది నేనియ్యను."

"లెక్క తక్కువైతదవ్వా," అన్నాడు కొమురెల్లి.

"నా బాయి మీద పాతింది నాదే. బొక్కెన తాడు కట్టుకుందామంటే ఇన్నేండ్లసంది ఒక్క గూటం లేకపాయె."

రామచంద్రం నవ్వాడు. పొద్దుటి నుంచి అది మొదటి నవ్వు. "ఉండనియ్యి కొమురెల్లీ. ఇంకోటి చెక్కు, నంబరు నేనే రాస్త."

అరవైయ్యోది దిగేసరికి అయిదున్నర అయింది. శంకరవ్వ చేది ఇచ్చిన నీళ్లు చెంబెడూ గటగటా తాగి, మూతి తుడుచుకుని, రామచంద్రం రోడ్డు వైపు చూశాడు.

"జీపెక్కండి సాబ్," అన్నాడు దయాకర్‌రావు. "ఆఫీసుల అందరూ ఎదురుచూస్తున్నరు."

"మీరు పోన్రి సార్. మల్లొస్తే గా కుర్చీల కూసోవాలనిపిస్తది. దండ రేపు ఇంటికి పంపున్రి." రోడ్డు వైపు అడుగేస్తూ అన్నాడు: "ఎంత చిన్న మాటైనా సార్, దాని మొదలు చూడున్రి."

కరీంనగర్ బస్సు వచ్చింది. ఆయన చెయ్యెత్తి ఆపి, ప్యాంటు మడతలు విప్పుకుంటూ ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు మలుపు తిరిగి దుమ్ములో కలిసిపోయింది.

శంకరవ్వ బొక్కెన తాడును గూటానికి రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. బావి ఒడ్డున, తన చోటు కాని చోట గట్టిగా దిగిన ఆ గూటం మీద ఆయన రాసిన 37, తడి తాడు కింద సగం దాకా కనబడుతోంది.