చెయ్యి అనే కేక

రేకులు వంచే ప్రెస్సు దగ్గర ఒకే మాట చట్టం. పెడలు తొక్కేవాడు "చెయ్యి!" అని కేక వేస్తాడు. కేకతో పాటే కాలూ దిగుతుంది. రేకు పెట్టేవాడి చెయ్యి ఆలోపే వెనక్కి రావాలి.

కేక ఆలస్యమైన ఒక రోజు, రేకు పెడుతున్న బావ చిటికెనవేలు పోయింది. అప్పటి నుంచి ప్రెస్సు చప్పుడుకే ముడుచుకుపోతున్నాడు. సోమవారం కూడా ఇదే వరసైతే ఇంక రావద్దని మేస్త్రి తేల్చేశాడు.

బావ భార్య అక్క; ఆమె తమ్ముడిది నత్తల ల్యాబులో ఉద్యోగం. అక్కడ గుల్ల లేని సముద్రపు నత్త తోకకు కరెంటు తగిలిస్తారు. ఆ తర్వాత ఊరికే ముట్టుకున్నా అది మొప్ప ముడుచుకుంటుంది. ఆ భయం నిలవాలంటే నరాల్లో కొత్త ప్రొటీన్ పుట్టాలి. గుర్తు చేసినప్పుడు ఆ భయపు ముడి కాస్త వదులవుతుంది. సరిగ్గా అప్పుడు ప్రొటీన్ పుట్టనివ్వని మందు వేస్తే ఊడిపోతుంది.

"నన్ను నత్తను చేస్తావట్రా?" అన్నాడు బావ.

"నత్తే నయం బావా, ఇన్ని ప్రశ్నలు వేయదు."

శనివారం రాత్రి ఆ మందే ఎక్కిస్తూ, వేలు పోయిన రోజు గుర్తు రావాలని బావ చెవిలో "చెయ్యి! చెయ్యి!" అని అరిచాడు తమ్ముడు. బావ చెమటతో తడిసిపోయి నిద్రపోయాడు.

ఆదివారం ఈల వేస్తూ లేచాడు. అక్క కళ్లొత్తుకుంది. తలుపు మూస్తూ, ఆ ఇంటి అలవాటు ప్రకారం "చెయ్యి!" అంది. ద్వారబంధం మీది బావ చెయ్యి కదల్లేదు. అక్క తలుపు ఆపేసింది.

"చేతికేమైందే?" అన్నాడు బావ.

తమ్ముడి మొహం పాలిపోయింది. "భయంతో పాటు కేక కూడా పోయిందక్కా."

"అయితే రేపు పంపను."

"పోతాను," అన్నాడు బావ. "రేపు కాకపోతే మరి రానివ్వరు. మళ్లీ నేర్పండి."

"నత్తకు నేర్పినట్టే నేర్పాలి. ఆగి ఆగి కొడితేనే నిలుస్తుంది," అన్నాడు తమ్ముడు.

అక్క స్కేలు తెచ్చింది. బావ బుద్ధిగా బల్ల మీద చెయ్యి పరిచాడు. "చెయ్యి!" దెబ్బ. కాసేపు ఆగారు. "చెయ్యి!" దెబ్బ.

"ఇన్నేళ్ల కసీ తీర్చుకుంటున్నావే," అన్నాడు మొదట్లో. తర్వాత ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి చెయ్యి కందిపోయింది. చివరికి చటుక్కున వెనక్కి వచ్చింది.

"హమ్మయ్య!" అంది అక్క.

"నువ్వింకా కేక వేయలేదక్కా."

తమ్ముడు పక్కగదిలోకి వెళ్లి "చెయ్యి!" అని అరిచాడు. బల్ల మీద చెయ్యి అలాగే ఉంది.

అక్క స్కేలు పక్కన పడేసి నీళ్లు అందించబోయింది. బావ కుర్చీతో సహా గోడ దాకా జరిగాడు.

"పొద్దున షిఫ్టుకి నువ్వు లేపరా," అన్నాడు బావమరిదితో. "దీన్ని రానీయకు."