నైరుతి మూల బండ

ఆ ఉదయం పుణ్యవతికి మొగుడు ఓబులేసు మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగివుంది. అందులో తడిపిన గోనెసంచి పరిచి సాయిలు కాచుకుని ఉన్నాడు. ఓబులేసు బండల కొట్టు నుంచి సరుకు చేరవేసే మనిషి అతను. ఇవాళ మాత్రం చేరవేయాల్సింది ఆమె పెంచుకున్న తాబేలు గౌరిని. దుర్గం చెరువులో వదిలి రమ్మని ఓబులేసు హుకుం.

బేతంచెర్ల నుంచి వచ్చి మాదాపూర్‌లో కొట్టు పెట్టిన ఓబులేసుకు కాలం కలిసొచ్చింది. హైటెక్ సిటీ లేచింది, దాని చుట్టూ ఇళ్లు లేచాయి, ఇంటింటికీ బండలు కావాల్సొచ్చాయి. ఇక సొంతిల్లు కట్టుకునేటప్పుడు ఆయనకు పట్టపగ్గాల్లేవు. గేటు నుంచి ప్రహరీ దాకా పిడికెడు మట్టి కనబడకుండా పరిచేశాడు. తాబేళ్లుంటే ఇంటికి మంచిదని ఎవరో అంటే, ఈశాన్యంలో నీళ్ల తొట్టి కట్టించి రెండింటిని తెచ్చి వదిలాడు. తేవడం ఆయన వంతు, చాకిరీ ఈమె వంతు. అయినా పలకరించే దిక్కులేని ఆ కొత్త చోట పుణ్యవతి మాటామంతీ అంతా వాటితోనే. గౌరి మెడ సాచి వినేది. మగది శంకరం మాత్రం రాయెక్కి ఎండకు పడుకునేది, అచ్చం ఆయనలాగే.

వారంగా గౌరికి ఏదో పట్టుకుంది. తోటకూర ముట్టదు. తొట్టి గోడ వెంబడి తిరిగిందే తిరగడం. సందు దొరికితే మెట్టెక్కి బయటపడి, తిన్నగా నైరుతి మూలకు పోయి, వెనక కాళ్లతో బండను గీకడం. తెచ్చి నీళ్లలో వదిలితే మళ్లీ అదే దారి.

పక్కింటి విశ్వేశ్వరరావు గోడమీంచి ఇదంతా చూశాడు. అడగని సలహా చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు మరి. "తాబేలు నైరుతి పట్టి పోతోందంటే లక్ష్మి వెళ్లిపోతున్నట్టేనండి. అది పోకముందే మీరే సాగనంపేయండి" అన్నాడు. ఓబులేసు గుండెల్లో రాయి పడింది.

"అది మనకేం అన్యాయం చేసిందయ్యా?" అని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు.

"నాకు మాత్రం ఇష్టమా? ఇల్లు సల్లగుండాల గదే!" అంటాడు. అంటూ మొహం తిప్పుకుంటాడు.

"అక్కా, పోదమా? ఎండ ముదిరితె దానికే పరేషాన్" అన్నాడు సాయిలు.

"ఉండబ్బా, ఇంత తినిపిచ్చి పంపిస్తా" అంటూ తోటకూర పట్టుకుని ఆమె నైరుతి మూలకు నడిచింది.

గౌరి ఆమె వంక చూడనైనా లేదు. బండ మీద గీకీ గీకీ దాని గోళ్లు అరిగిపోయాయి. కాసేపు గీకుతుంది, ఆగుతుంది, ఒళ్లు బిగబట్టుకుంటుంది, మళ్లీ గీకుతుంది. పుణ్యవతి చేయి చాచింది చాచినట్టే ఆగిపోయింది. కూతురు నవ్య పుట్టే ముందు తానూ అంతే! ముద్ద దిగక, కూర్చోలేక, పడుకోలేక, పుట్టింటి వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగింది. వాళ్లమ్మ ఒక్క చూపు చూసి, వెంటనే పొయ్యిమీద వేణ్ణీళ్లు పెట్టింది.

"అయ్యో నా తల్లీ! నీకు నొప్పులు గదే!" అంది పుణ్యవతి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం గొంతు లేచింది. "ఏమయ్యా! గడ్డపార తీసుకోని రా! ఈ బండ లేపు!"

ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు. "నైరుతిలో గుంతా? మతి ఉండే మాట్లాడ్తాండావా?"

"అది కడుపుతో ఉంది. ఇల్లంతా బండలేసి, గుడ్లు పెట్టను దానికి పిడికెడు మన్ను లేకుండా చేసినావు. కాన్పుకొచ్చిన ఆడకూతుర్ని గడప బయటికి తోస్తే, ఆ ఇంట్లో లక్ష్మి ఉంటాదా?"

ఓబులేసు వంగి గౌరి అరిగిన గోళ్లు చూశాడు. వెళ్లి గడ్డపార తెచ్చాడు. అతుకు కనబడకుండా దగ్గరుండి వేయించిన బండ ఊరికే లేస్తుందా? సాయిలు కూడా చెయ్యేస్తేగానీ కదల్లేదు. కింద ఎర్రమట్టి కనబడింది. పుణ్యవతి దాని మీద నీళ్లు చిలకరించింది.

గౌరి మన్ను వాసన చూసింది. అటు తిరిగి వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి దూరంగా కూర్చున్నారు. చాలాసేపటికి ఒక తెల్లటి గుడ్డు జారింది, దాని వెనక ఇంకొకటి.

"అరె, ఎంత తెల్లగున్నయక్కా!" అని సాయిలు గుసగుసలాడాడు. ఎండ పడుతోందని ఓబులేసు భుజమ్మీది తువ్వాలు తీసి, రెండు చేతులా గౌరికి నీడ పట్టాడు.

పని అయ్యాక గౌరి అవే కాళ్లతో మన్ను కప్పి, అదిమి, ఎవరూ చెప్పకుండానే తొట్టికి నడిచింది. తోటకూర కట్ట మొత్తం ఊడ్చేసింది. సాయిలు గోనెసంచి దులుపుకుని బండల లోడుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం విశ్వేశ్వరరావు గోడమీంచి తొంగిచూశాడు. "అయ్యయ్యో ఓబులేసుగారూ, నైరుతిలో గుంత తవ్వించారేమిటండీ!"

ఓబులేసు ఆ మన్ను మీద గంప బోర్లించి, పిల్లులు తొయ్యకుండా పైన బండముక్క పెడుతున్నాడు. తలెత్తి నోటిమీద వేలు పెట్టాడు.

"గుంత కాదు సార్, పురిటి గది. కొంచెం మెల్లగా మాట్లాడండి."