అధికారి చివర తినాలి

ఫార్మోజా దీవిలో కొండల కింద జపానువాళ్లు మమ్మల్ని పెట్టిన యుద్ధఖైదీల శిబిరంలో సిపాయిలకన్నా పెద్ద దొరలే ఎక్కువ. బ్రిగేడియర్లు మేకలు కాసేవారు. నాబోటి కల్నళ్లు పెంట మోసేవాళ్లు. ఓడినవాడికి తప్పదు, అందులో సిగ్గేమీ లేదు. సిగ్గంతా సూప్ బకెట్ దగ్గరే.

సిపాయిలు తిన్నాకే అధికారి తినాలన్నది మా ఇంగ్లిషు సైన్యపు ఆనవాయితీ. వచ్చిన రోజే బ్రిగేడియర్ ట్రెడినిక్ వరుసలో అందరికన్నా వెనక నిలబడి, "ముందు నా సిపాయిలు" అన్నాడు. మాకు కళ్లు చెమర్చాయి.

వారం తిరక్కుండానే అసలు సంగతి తెలిసింది. బకెట్లో పైనంతా వేడినీళ్లు. నాలుగు చిక్కుడు గింజలుంటే అడుగునే. దాంతో ఆనవాయితీ మీద మాకు ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. వెనక ఎవరు నిలబడాలని కల్నళ్లు ప్రమోషన్ తేదీలు తవ్వుకుని పోట్లాడుకునేవారు.

"నాకన్నా జూనియర్‌వి నువ్వు. ముందుకు నడువయ్యా!"

"నడుస్తాలే. సీనియారిటీ కడుపు నింపుతుందని ఇన్నాళ్లూ తెలీలేదు."

ముందు నిలబడే కొద్దిమంది సిపాయిల్లో బ్రిగేడియర్ ఆర్డర్లీ గెడ్జ్ ఒకడు. అతని కాళ్లు నీరుపట్టి వాచిపోయాయి. "గింజలు పడితే బతుకుతాడు, లేకపోతే లేదు" అని మా డాక్టర్ అందరి ఎదుటా చెప్పాడు. అందరం తలూపాం.

మర్నాడు గరిటె వంతు నాది. గెడ్జ్ రాగానే అడుగుదాకా కలియతిప్పాను.

"కలపకు!" వెనకనుంచి బ్రిగేడియర్ అరిచాడు.

అరిచాక తన గొంతు తనకే వినపడినట్టుంది. ముఖం కందిపోయింది. గబగబా ముందుకొచ్చి గెడ్జ్ భుజం పట్టుకున్నాడు.

"నువ్వు చివరికెళ్లు. ఇకనుంచి ముందు నేను."

"వద్దు సార్, పర్లేదు."

"నీకు తెలీదురా, గింజలన్నీ అడుగునే ఉంటాయి."

"తెలుసు సార్. మొదటిరోజే చూశా."

"మరి చెప్పలేదేం?"

"అంత ప్రేమగా 'ముందు నా సిపాయిలు' అన్నారు కద సార్. ఎలా చెప్పేది?"

తప్పు తనదే అయినట్టు గెడ్జ్ నేలచూపులు చూశాడు. నేను కలిపిన గింజలు ఈలోగా మళ్లీ అడుక్కి దిగాయి; బ్రిగేడియర్ చాపిన డబ్బాలో పైనున్న నీళ్లే పోశాను. కల్నళ్లు ఒక్కొక్కరే ముందుకు జరిగారు. ఆ రోజు ప్రమోషన్ తేదీ ఎవరూ ఎత్తలేదు.

చివర్న గెడ్జ్‌కి బకెట్ గీకి పోశాను. అతను చెంచా నోటిదాకా తెచ్చి ఆగాడు.

"మీరు తిన్నారా సార్?" అని బ్రిగేడియర్‌ని అడిగాడు.

ఆయన ఖాళీ డబ్బాలోకి తల వంచేశాడు. మేమూ వంచేశాం.