గుంటలో కనిపించిన బుడిపె

ల్యాబులో ఆమెకి డేగకన్ను అని పేరు. పెట్టింది వదినే. ఎక్స్‌రేలు పడ్డ స్ఫటికం నుంచి వచ్చే ఆ గజిబిజి పటాల్లో, మిగతావాళ్ళకి మబ్బులు కనిపించే చోట ఈవిడకి అణువులు కనిపిస్తాయని. పేరు పెట్టిన రోజున మురిసిపోయింది, మురవదూ మరి. ఈ బుధవారం మధ్యాహ్నం మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ కళ్ళు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. అయినా లేచి వెళ్ళి తలుపు వేసొచ్చింది.

సంగతి అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. బ్యాక్టీరియాకి ఒంటి చుట్టూ ఒక గోడ ఉంటుంది. గోడంటే ఇటుకల గోడ కాదు, వల లాంటిది. పొడుగ్గా చక్కెర గొలుసులు, వాటి నుంచి వేలాడే చిన్న చిన్న తోకలు. ఈ గొలుసు తోకనీ ఆ గొలుసు తోకనీ పట్టుకుని ముడివేసే ఎంజైమ్ ఒకటుంది. అది పని మానేసిందా, వల వదులైపోయి, లోపలి ఒత్తిడికి బ్యాక్టీరియా టప్పున పగిలి చస్తుంది. ఆ ఎంజైమ్‌లో ఒక గుంట ఉంది, ముళ్ళు పడేదంతా అక్కడే. పెన్సిలిన్ చేసే ఘనకార్యమల్లా ఆ గుంటలో దూరి, అతుక్కుని, ఇక కదలనని కూర్చోవడం. వీళ్ళకి దొరికిన ఎంజైమ్ మొండిఘటం. గుంట మూతి బిగించుకుని పెన్సిలిన్‌ని గడప తొక్కనివ్వదు. అందులో దూరగలిగే కొత్త అణువుని తయారుచెయ్యడం వదిన పని. అది ఎక్కడ, ఎలా కూర్చుందో పటంలో చూపించడం డేగకన్ను పని.

వదిన మొదట ల్యాబులో స్నేహితురాలే. అన్నయ్యకి పరిచయం చేసిందీ, సంబంధం కుదిర్చిందీ ఈవిడే. ఒకే మేడలో కింద వాళ్ళు, పైన ఈవిడ. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఇంట్లో ఒకటిన్నర మొగుళ్ళతో వేగి ఆఫీసుకొస్తే ఇక్కడా ఆ సగం తయారని వదిన అందరి ముందూ ఆటపట్టించేది. ఈవిడా తక్కువ తినలేదు. ఇద్దరూ కలిస్తే ఆ గదిలో పని ముందుకి సాగేది కాదని మిగతావాళ్ళు గొణుక్కునేవాళ్ళు.

కిందటేడు వదిన చేసిన మొదటి అణువుని ఎంజైమ్ స్ఫటికంలో నానబెట్టి పటం తీస్తే, సరిగ్గా గుంటలో ఒక బుడిపె కనిపించింది. వంకీ తిరిగి, ముచ్చటగా ఉంది. డేగకన్ను అందులో వదిన అణువుని కూర్చోబెట్టింది. తల సరిపోయింది, తోక సరిపోలేదు. తోక ఊగుతూ ఉంటుంది కాబట్టి పటంలో పడదులే అని తనకి తానే సర్దిచెప్పుకుంది. అణువు తగలని ఖాళీ స్ఫటికాన్ని కూడా తీసి పోల్చి చూడమని ఈ విద్యలో ఓనమాలతోపాటే నేర్పుతారు. అంత చక్కని పటం కళ్ళెదుట ఉండగా ఆ చాదస్తమెందుకు అనుకుంది. ఆ వంకీని నమ్ముకుని వదిన అణువు మీద అణువు చేస్తూనే ఉంది. ఒక్కటీ పనిచెయ్యలేదు.

సోమవారం మీటింగులో పెద్దాయన, అంటే ల్యాబు నడిపే ముసలాయన, ఇదేమిటమ్మా అని అడిగాడు. వదిన బిడియపడుతూనే, ఆ పటం ఒకసారి మళ్ళీ చూస్తే బాగుంటుందేమో అంది. డేగకన్నుకి పుండు మీద కారం చల్లినట్టయింది. తన పటాన్ని అనుమానించడమా?

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వదినా" అంది అందరూ వినేటట్టు.

గదంతా నవ్వింది. వదిన కూడా నవ్వింది, కానీ తల దించుకుని. పెద్దాయన మాత్రం నవ్వలేదు. అణువుల పని ఇంకో బృందానికి అప్పగించాలేమో ఆలోచిస్తాననీ, శుక్రవారం తేలుస్తాననీ చెప్పాడు. మొదటి అణువు పుట్టిన దగ్గర్నుంచీ ఆ పని వదినది. చంటిపిల్లని అన్నయ్య చేతుల్లో పెట్టి వచ్చి మరీ చేసిన పని.

ఇక ఈ బుధవారం. ఎక్స్‌రే యంత్రం దగ్గర కాస్త సమయం మిగిలితే, ఉన్నది కదాని ఓ ఖాళీ స్ఫటికాన్ని పెట్టింది. దాని పటం తెరిచింది. గుంటలో అదే బుడిపె. అదే వంకీ. వదిన అణువు వాసన కూడా తగలని స్ఫటికం అది. మరి ఆ బుడిపె ఏమిటి? స్ఫటికాన్ని గడ్డకట్టించే ముందు పగిలిపోకుండా ముంచుతారే, ఆ గ్లిజరిన్. ఏడాదిగా తను అందరికీ వేలుపెట్టి చూపించినది మందూ కాదు మాకూ కాదు, గ్లిజరిన్ బొట్టు. 

స్ఫటికాలు తారుమారయ్యాయేమో అనుకుంది. కాలేదు. లెక్క తప్పిందేమో అనుకుంది. మళ్ళీ చేసినా అదే బుడిపె వెక్కిరించింది. సరే, వెంటనే చెప్పేద్దామని వదిన గదికి బయల్దేరింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది కూడా.

రసాయనాల పొగల్ని బయటికి లాగేసే గాజు అర ముందు వదిన నిలబడి ఉంది. చేతి తొడుగులు తీస్తే వేళ్ళు నాని, ముడతలు పడి, ఎర్రగా ఉన్నాయి. సోమవారం నుంచీ పాత అణువులన్నీ మళ్ళీ కడిగి, వడగట్టి, ఎక్కడ మలినం కలిసిందో వెతుకుతోందట. ఒక దాంట్లో రవ్వంత ఏదో కనిపించిందట. అదే కారణమయ్యుంటుందని చెప్పింది.

"నీ కన్ను తప్పదు కదమ్మాయ్. నా చేతులే చెడ్డవి" అంది, తువ్వాలుతో తుడుచుకుంటూ.

ఇంతకన్నా మంచి అదను ఏ దేవుడిస్తాడు? నోరు తెరిస్తే అయిపోయేది. డేగకన్ను మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడి, కాస్త నీళ్ళు నమిలి, రేపు మాట్లాడదాంలే అని వచ్చేసింది. గురువారం ఆరోగ్యం బాలేదని ఆఫీసుకే వెళ్ళలేదు. కింద పిల్ల ఏడుపూ, దాన్ని ఊరుకోబెడుతున్న అన్నయ్య గొంతూ వినిపిస్తుంటే దుప్పటి తల మీదకి లాక్కుంది. తనంటే తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం కూడా వెంటనే లేవలేదు. వదినే ముందు లేచింది. తన అణువుల్లో మలినం ఉందని ఒప్పుకుంది. పని ఎవరికిచ్చినా తనకి అభ్యంతరం లేదనీ, అంత మంచి పటం తన మూలంగా వృథా కాకూడదనీ చెప్పి కూర్చుంది. పెద్దాయన జాలిగా తలాడించాడు. సోమవారం నవ్విన వాళ్ళు ఈసారి నేల చూపులు చూశారు.

అప్పుడు లేచింది డేగకన్ను.  రెండు పటాలూ గోడ మీద పక్కపక్కన వేసింది. ఎడమది మందు పెట్టినది, కుడిది పెట్టనిది, రెండింట్లోనూ ఉన్నది గ్లిజరినేనని చెప్పింది. వదిన చేతుల్లో ఏ తప్పూ లేదనీ, లేని గూటికి గువ్వల్ని చెయ్యమని ఏడాదిపాటు తిప్పింది తనేననీ చెప్పింది. 

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొరపాట్లు జరుగుతాయన్నాడు. పని వదిన దగ్గరే ఉంటుందన్నాడు. ఆ తరవాత ఊరికే, పటం కింద తేదీ చూస్తూ అడిగాడు.

"ఇది నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"బుధవారం మధ్యాహ్నం."

ఆ మాటకి వదిన తలెత్తింది.  డేగకన్నుకి నిలబడ్డచోటే తల కొట్టేసినట్టయింది. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు, ఎవరికి పడుతుందో ఏమో.

అందరూ వెళ్ళాక వదిన గదికి వెళ్ళింది. తిడుతుందనుకుంది. తిట్టాలని మొక్కుకుంది కూడా. వదిన సీసాల మీద కాగితాలు అతికిస్తోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ రోజు నువ్విక్కడికి వచ్చింది అది తెలిశాకేనా?"

"తెలిశాకే."

వదిన చేతిలో సీసా కిందపెట్టింది. "లేనిది ఉన్నట్టు కనిపించడం ఎవరికైనా జరుగుతుంది. దానికి నిన్నొక్క మాట అనను. మద్దెల మాటకీ ఏమీ అనను, మన మధ్య అవి మామూలే. కానీ నా చేతుల్ని నేను తిట్టుకుంటుంటే ఎదురుగా నిలబడి విన్నావు చూడు."

ఆ మాట అక్కడే ఆపేసింది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, గొంతు పెంచలేదు. మళ్ళీ సీసా అందుకుంది. ఆ ఖాళీ స్ఫటికం పటం సాయంత్రంలోగా పంపిస్తే, సోమవారం నుంచి కొత్త అణువు మొదలుపెడతానంది. పక్క బృందం వాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది, మర్యాదగా, పొల్లు మాట లేకుండా.

డేగకన్ను "వదినా" అని పిలవబోయింది. ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలియలేదు. పంపిస్తానని మాత్రం చెప్పి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.